ఏ ఊరని తర్వాత అడుగుతాను

బొమ్మ చర్రున చిరిగింది.

క్లాసంతా ఒక్కసారిగా ఇటు తిరిగింది. శిరీష చేతిలో సగం, ఎదురుగా నిలబడ్డ అబ్బాయి చేతిలో సగం.

"నేను ముందు పట్టుకున్నాను" అంది శిరీష.

"నేను ముందు చూసిన."

"చూస్తే నీదైపోతుందా?"

"పట్టుకుంటే నీదైతదా?"

అతని పేరు ఐలేశ్. జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. శిరీషది తార్నాక. తల్లిదండ్రులు ప్రొద్దుటూరు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడ్డారు. ఇద్దరూ ఎం.ఏ. ఇంగ్లీషు ఫైనలియర్లోనే ఉన్నా, అంతవరకూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది లేదు. అది రెండువేల పదో సంవత్సరం. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో ఉస్మానియాలో క్లాసు జరగడమే ఒక వార్త.

వైదేహి మేడం ఆ రోజు గ్రీకు పురాణ కథల చిత్రాలు తెచ్చి బోర్డు నిండా గుచ్చారు. ఎప్పటివో పాత క్యాలెండర్లలోంచి కత్తిరించినవి. తలా ఒకటి తీసుకొని దాని మీద తెలుగులో కవిత రాయమన్నారు.

"తెలుగులో ఎందుకు మేడం?" అని ఎవరో అడిగితే, "ఇంగ్లీషులో మనకన్నా బాగా రాసేవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు నాయనా" అన్నారు.

వీళ్ళిద్దరూ చింపింది పెనెలోపి బొమ్మ. యుద్ధానికెళ్ళిన భర్త ఏళ్ళు గడిచినా తిరిగి రాడు. నన్ను చేసుకో అంటే నన్ను చేసుకో అంటూ వచ్చిన మగవాళ్ళంతా ఆమె ఇంట్లోనే తిష్ఠ వేసి తింటుంటారు. ఈ బట్ట నేయడం పూర్తయ్యాక చెప్తానని ఆమె వాళ్ళను ఆపుతుంది. పగలంతా నేస్తుంది, రాత్రి విప్పేస్తుంది. మగ్గం ముందు కూర్చున్న పెనెలోపి శిరీష చేతికొచ్చింది. కిటికీలోంచి పూలు చాస్తున్న మగవాళ్ళు ఐలేశ్ చేతికొచ్చారు.

మేడం కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎవరి చేతిలో ఏముందో దాని మీదే రాయండి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి చదవాలి. అదే మీకు శిక్ష."

శిక్ష రోజు ఐలేశ్ ముందు చదివాడు. అతని కవితలో పెళ్ళికొడుకులు పెనెలోపి ఇంటి పప్పులో ఉప్పు చాల్లేదని అలుగుతారు, పూలకు పెట్టిన ఖర్చు ఇప్పించమంటారు. క్లాసు పగలబడి నవ్వింది. నవ్వకూడదనుకున్న శిరీష కూడా చున్నీ నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత ఆమె చదివింది.

"నేసేటప్పుడు నిన్ను తలుచుకుంటాను,
విప్పేటప్పుడు నన్ను తలుచుకుంటాను."

క్లాసయ్యాక ఐలేశ్ వరండాలో వెంటపడ్డాడు. "ఆ రెండో లైను యాడికెళ్ళి తెచ్చినవ్?"

"ఎందుకు? అదీ చింపుతావా?"

"లేదు. నాకు ఇస్తవేమోనని అడుగుతున్న."

శిరీష తల తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికని అతనికి వెంటనే అర్థమైపోయింది.

బంద్‌ల పుణ్యమా అని బస్సులు తిరిగేవి కావు. ఆర్ట్స్ కాలేజీ నుంచి తార్నాక దాకా ఇద్దరూ నడిచేవాళ్ళు. తార్నాక చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో మేడం దగ్గర అడిగి తెచ్చుకున్న ఒక్కో బొమ్మ మధ్యలో పెట్టుకొని పోటీగా కవితలు రాసేవాళ్ళు. మైనపు రెక్కలతో సూర్యుడి దాకా ఎగిరి కిందపడ్డ ఇకారస్ బొమ్మ చూసి, "మా నాయిన కూడా గిదే అంటడు, ఎక్కువ ఎగురకురా అని" అన్నాడు ఐలేశ్.

"మరి ఎగరడం మానేశావా?"

"ఇంకా రెక్కలే రాలే. నువ్వు చాయ్ తాగు, చల్లగైతది."

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. ఉన్నది ఒకటే గొడుగు. అతను గొడుగంతా ఆమె వైపే వంచి, "నాకు వానంటే ఇష్టం" అన్నాడు. మర్నాడు తుమ్ముతూ వచ్చాడు. "ఇష్టం బాగానే పట్టింది" అంది శిరీష, జేబురుమాలు అందిస్తూ.

అంతా బాగుంది అనుకుంటుండగా ఆ కవిత వచ్చింది.

ఆర్ట్స్ కాలేజీ ముందు రిలే దీక్షల టెంటులో కవి సమ్మేళనం పెట్టారు. ఐలేశ్ చదువుతున్నాడంటే శిరీష పనిగట్టుకొని వెళ్ళింది. తెలంగాణ రావాలనే ఆమె కూడా అనుకునేది. టెంటు పక్కన నిలబడి అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది. అతను గొంతు సవరించుకొని పెనెలోపి ఇంటి కవితనే కొత్తగా అందుకున్నాడు.

"ఇల్లు నాది, వాకిలి నాది,
వండిన బువ్వ నాది.
పీట మీద కూసున్నోడా,
మీ ఊరి బండి ఎప్పుడున్నది?"

టెంటు హోరెత్తింది. జై తెలంగాణ నినాదాలు మిన్నంటాయి. శిరీష చేతులు మాత్రం సగంలో ఆగిపోయాయి. అటూ ఇటూ చూసింది. తనను ఎవరూ గమనించలేదు. అయినా అందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది.

మర్నాడు లైబ్రరీ మెట్ల మీద ఐలేశ్ అడ్డం వచ్చాడు. "ఏంది, మాట్లాడ్తలేవ్?"

"మా ఊరి బండి ఎప్పుడని అడిగావుగా. టైంటేబుల్ చూస్తున్నా."

అతని మొహం పాలిపోయింది. "అది నీ గురించి కాదు శిరీషా!"

"నాలాంటి వాళ్ళ గురించి. నేను వేరే, నాలాంటి వాళ్ళు వేరేనా?"

"మా ఊర్లె చదువుకున్న పోరగాళ్ళకు నౌకరీలు లేవు. ఆ కోపం రాసిన."

"రాయి. ఆ కోపం నిజమే. కానీ నేను చప్పట్లు కొడుతుంటే నా చేతులు ఆగిపోయాయి ఐలేశ్. అదీ నిజమే."

మెట్లు దిగి ఆమె వెళ్ళిపోయింది.

ఇంట్లో మరో గొడవ. నాన్న ఆదినారాయణ కడపకు బదిలీ పెట్టుకుంటానంటున్నాడు. "ఆఫీసులో నన్ను ఎవురూ ఏమీ అనలేదుమే. కానీ నేనొస్తే మాటలు ఆపేస్తాండారు. ఈడ ఇంకెన్నాళ్ళు? పాపకు గూడా ఆడనే సంబంధం చూస్తాం."

అమ్మ చెన్నమ్మ గరిటె పక్కన పెట్టింది. "నువ్వు పో. నేను రాను. ఈ వీధిలో నాకు తెలియని ఇల్లు లేదు. కడపలో నాకెవురు తెలుసు?"

ఆ మాట శిరీష మనసులో నాటుకుంది. అలిగి కూర్చుంటే తనే పరాయిదాన్నని ఒప్పుకున్నట్టు అనిపించింది. మర్నాడు వైదేహి మేడం గదికి వెళ్ళింది.

"మేడం, నౌసికా బొమ్మ ఎవరూ తీసుకోలేదు కదా?"

మేడం సొరుగులోంచి తీసి ఇచ్చారు. "చింపకు" అన్నారు.

రెండు రోజుల్లో కవిత అయింది. టెంటుకు వెళ్ళి, మైకు అడిగి తీసుకుంది. వెనక వరుసలో ఐలేశ్ లేచి నిలబడ్డాడు.

"నా పేరు శిరీష. పుట్టింది ఇక్కడే, సీతాఫల్‌మండిలో. మా అమ్మానాన్నలది ప్రొద్దుటూరు. తెలంగాణ రావాలని నేనూ అనుకుంటున్నాను. ఇది గ్రీకు కథ. ఓడ మునిగి ఒక పరాయి మనిషి ఒడ్డుకు కొట్టుకొస్తాడు. అక్కడ బంతాట ఆడుకుంటున్న ఆడపిల్లలంతా భయపడి పారిపోతారు. నౌసికా అనే అమ్మాయి మాత్రం నిలబడుతుంది. ఆమె మాటలుగా రాశాను."

ఎవరో గొణిగారు. ఎవరో "చదవనీయుండ్రి" అన్నారు. శిరీష చదివింది.

"అల విసిరేసిన మనిషివి,
ఒంటి మీద ఉప్పు ఇంకా ఆరలేదు.
ఏ ఊరని తర్వాత అడుగుతాను,
ముందు చెప్పు,
అన్నం తిన్నావా?"

చప్పట్లు వినిపించలేదు. ఆమె కాగితం మడిచి మైకు తిరిగి ఇచ్చేయబోయింది.

ముందు వరుసలో, దీక్షకు మద్దతుగా ఊరి నుంచి వచ్చిన బుచ్చవ్వ అనే ముసలామె చెయ్యూపింది. "ఓ పిల్లా! గిట్ల రా. అందర్నీ అడుగుతున్నవ్, నువ్వు తిన్నవా?"

"లేదవ్వా" అంది శిరీష.

"అయితే కూసో బిడ్డా. నా సద్దిమూటల జొన్నరొట్టె ఉన్నది. తిని మల్లొక పాట చదువు."

టెంటంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వులోంచే చప్పట్లు పుట్టాయి. పచ్చికారం నంజుకుని రొట్టె నములుతుంటే శిరీషకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. కారం వల్లనే అని బుచ్చవ్వకు చెప్పింది.

ఆ సాయంత్రం ఐలేశ్ తార్నాకలో వాళ్ళింటి తలుపు కొట్టాడు. తీసింది ఆదినారాయణ.

"ఎవురయ్యా నువ్వు?"

"ఐలేశ్ సార్. శిరీష క్లాస్‌మేట్‌ను. ఒక కవిత రాసిన. మిమ్మల్ని నొప్పించేది. మాఫీ అడుగుదామని వచ్చిన."

ఆదినారాయణ అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "పాప వాళ్ళమ్మతో చెప్పిన ఐలేశ్ నువ్వేనా? మా పాప మీ టెంటులో మైకు పట్టుకొని మాట్లాడిందంట. మా ఆఫీసులో చెప్తాండారు. ఎవురూ ఏమీ అనలేదంట?"

"అన్నరు సార్. రొట్టె తినమన్నరు."

ఆదినారాయణ మీసాల చాటున నవ్వు కదిలింది. "చూడు నాయనా. మాదీ కరువు సీమే. ఉద్యోగాల బాధ మాకూ తెలుసు. మీ తెలంగాణ వస్తే రానీ. కడపకు బదిలీ పెట్టుకుందామనుకుంటి, అది గూడా వదిలేసినా. కానీ మా పాప నీ మీద కోపంతో సరిగ్గా అన్నం తింటా లేదు. అది ముందు తేల్చు."

"నాన్నా!" అని లోపలి నుంచి కేక. శిరీష ఎర్రబడ్డ మొహంతో బయటికొచ్చి, ఐలేశ్‌ను మెట్లు దింపి వీధిలోకి లాక్కుపోయింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

"ఎందుకొచ్చావ్?"

"నీ కవిత విన్నంక ఆగలేకపోయిన. నా కోపం అబద్ధం కాదు శిరీషా. కానీ ఎవరి మీద పోస్తున్ననో చూసుకోలే. గా నాలుగు లైన్లు ఇగ చదువ."

"మానొద్దు. మళ్ళీ రాయి, నా చేతులు ఆగిపోకుండా. ఇప్పుడేం రాసుకొచ్చావు?"

"ఈసారి ఏం రాయలే."

"అయితే మామూలుగా చెప్పు."

"మామూలుగ చెప్పుడు రాదు నాకు."

"నేర్చుకో."

అతను మొహం మీది వాననీళ్ళు రెండుసార్లు తుడుచుకున్నాడు. చివరికి, "నువ్వంటే నాకు ప్రాణం. మీ నాయిన మనసు మారి నువ్వు కడపకు పోయినా నేనూ వస్త" అన్నాడు గబగబా.

"అక్కడికొచ్చి ఏం చేస్తావ్?"

"నీతోని కొట్లాడుకుంట బతుకుత."

"అది ఇక్కడే చేయొచ్చుగా" అంది శిరీష. అతని ముంజేతి మీద పడ్డ చినుకుల్ని చూపుడువేలితో తుడిచింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

పైన బాల్కనీలోంచి దగ్గు వినిపించింది.

"వానలో నిలబడి ఏం మాట్లాడతాండారు? లోపలికి రాండి ఇద్దరూ. మీ అమ్మ అలసంద వడలు వేస్తాంది."

శిరీష ఐలేశ్ వైపు తిరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. "మా నాన్న 'ఇద్దరూ' అన్నాడు. విన్నావా?"

"విన్న" అన్నాడు ఐలేశ్. "మల్లొకసారి అనమను."