పచ్చ రెక్కల పిల్ల

"నా రెక్కలేవీ?"

ఇల్లంతా వెతికి, మంచం కింద దూరి, బట్టల దండెం కిందా చూసి, చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది జోషిత. ఒకటో తరగతి పిల్ల! ఏడవలేదు, కాళ్ళు నేలకేసి కొట్టలేదు. కళ్ళు మాత్రం చేటలంత చేసుకుని సింధూరి వంకే చూస్తోంది. ఆ చూపుకి సింధూరి చేతిలోని గరిట చేతిలోనే ఉండిపోయింది.

రెక్కలంటే ఏ పట్టు బట్టలో, మెరుపుల బట్టలో అనుకునేరు... ఒక పాత ఎర్ర చీర, అంతే! ఉతికి ఉతికి మెత్తబడి, కొంగు దగ్గర చిరుగులు పట్టిన చీర. జోషితను కన్నతల్లి సుధామణిది. పాపం, ఆ మహాతల్లి బిడ్డ ముద్దుమాటలైనా తనివితీరా వినకుండానే విషజ్వరంతో కన్నుమూసింది. అప్పట్నుంచీ ఆ చీరే పిల్లకి దుప్పటి, ఆ చీరే తలగడ. ఈ మధ్య దాన్ని మెడకి ముడి వేసుకుని మంచం మీంచి దూకడం మొదలుపెట్టాక అది రెక్కలైంది. ఆ రెక్కలున్న పిల్లకి ఒక పేరూ ఉంది, 'ఎర్ర రెక్కల పిల్ల'. స్కూలు బస్సు తప్పిపోయిన పిల్లలందర్నీ వీపుమీద ఎక్కించుకుని బళ్ళో దింపి రావడం ఆవిడగారి పని.

ముందురోజు మధ్యాహ్నం స్టీలు సామాన్ల శౌరమ్మ వీధిలోకి వచ్చింది. "పాత బట్టలకి స్టీలు సామాన్లే..." అన్న కేక వినగానే పటమట వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. సింధూరి కూడా మూలనున్న పాత బట్టల సంచి ఎత్తి ఇచ్చేసి, ఇంకో చొక్కా వేస్తేగాని కుదరదంటే వేసి, ముచ్చటైన బేసిన్ ఒకటి సంపాదించింది. సంచి అడుగున ఏముందో చూసుకోలేదు. పాత గుడ్డలకి కొత్త గిన్నె వస్తోందన్న సంబరంలో ఏ ఇల్లాలు మాత్రం చూస్తుంది చెప్పండి!

"ఆంటీ, నిన్నే... నా రెక్కలేవీ?"

ఆంటీ! ఏడాదిన్నరగా అదే పిలుపు. మంగళగిరి నుంచి ఈ ఇంటికి రెండో భార్యగా వచ్చిన రోజున "అమ్మా అని పిలవాలి తల్లీ" అని పెద్దవాళ్ళంతా పిల్లకి నూరిపోశారు. జోషిత అందరి మాటా విని, "సరే ఆంటీ" అంది. సింధూరి నవ్వి ఊరుకుంది. జడలు వేసింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది, పాలకూర తినదని పప్పులో దాచి తినిపించింది. ఎప్పుడో ఒకనాడు, ఏ పరధ్యానంలోనో, నోరుజారైనా సరే... ఒక్కసారి అమ్మా అంటే చాలనుకుంది! ఇప్పుడేమో ఆ పిల్ల కన్నతల్లి గుర్తుని తన చేతులతోనే ఇచ్చేసింది. ఇక ఈ జన్మకి ఆ పిలుపు తనకి రాదు!

"అదొక్కటీ చూసుకోవాల్సింది సింధూ..." అన్నాడు భర్త జయకృష్ణ, కోపంగా కాదు. ఆ మెత్తదనమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. అతను క్యారేజీ తీసుకుని ఆటోనగర్‌లో తన లారీ బాడీల షెడ్డుకి వెళ్ళిపోయాడు. చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తగారు సీతారావమ్మ, "పోనీలే అమ్మాయ్, చిరిగిపోయిన గుడ్డేగా..." అని తల వంచుకుని మళ్ళీ చిక్కుడుకాయల్లో పడిపోయింది.

అదే వారం బళ్ళో పండగ పెట్టారు. శనివారం సూపర్ హీరోల రోజట! షాపులో కొన్న డ్రెస్సులు వద్దు, సినిమాల్లోవాళ్ళు వద్దు, ప్రతి పిల్లా తన హీరోని తనే ఊహించుకుని, ఇంట్లోని పాత బట్టలతోనే డ్రెస్సు కుట్టించుకుని రావాలని తెరేసమ్మ టీచరు ఫోన్లో మెసేజీ పంపింది. ఎవరెవరు వేషం వేస్తారంటే క్లాసులో అందరికన్నా ముందు చెయ్యెత్తింది జోషితేనట.

పిల్ల బడికి వెళ్ళగానే సింధూరి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని ఆటో ఎక్కింది. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి వన్ టౌన్‌లో కొండవాలు మీద శౌరమ్మ ఇల్లు పట్టుకుంది. గది నిండా బట్టల మూటలే. బాగున్నవి ఒకవైపు, బాగుచేసి అమ్ముకునేవి ఒకవైపు.

"ఎర్ర చీరా... చిరిగినవన్నీ పొద్దున్నే ఆటోనగర్ వెళ్ళిపోయాయమ్మా. గ్రీజు తుడుచుకోడానికి షెడ్లవాళ్ళు తీసుకుంటారు. ముక్కలు చేసేసుంటారు ఈపాటికి," అంది శౌరమ్మ నొచ్చుకుంటూ. "నాకు గుర్తే. సంచి అడుగున, పైన దుప్పటి కప్పి మరీ ఉంది. చిరిగిన చీరని ఇంత పద్ధతిగా, మగ్గం మీంచి దిగిన చీరలాగా మడత పెట్టారేంటా అనుకున్నా."

సింధూరి మనసులో లెక్క వేసుకుంది. జోషితకి మడత పెట్టడమే రాదు. జయకృష్ణకి వచ్చినా పెట్టడు. నేతపని వదిలి ఇన్నేళ్ళయినా, చేతి రుమాలుని సైతం నేతచీరలా మడిచే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే. అంటే... అత్తయ్యే! కావాలనే పెట్టారు! వెనక్కి వస్తున్న దారంతా అదే ఆలోచన. పెద్దావిడ... ఏమనుకుని పెట్టిందో ఏమో! అడిగి ఆవిణ్ణి మనవరాలి ముందు దోషిగా నిలబెట్టడానికి మనసొప్పలేదు. చూడకుండా ఇచ్చింది మాత్రం తనే కదా! ఆ నింద తనమీదే ఉండనీ అనుకుంది.

ఇంటికి రాగానే సీతారావమ్మే ఎదురొచ్చి గొంతు తగ్గించి అంది. "దొరకలేదా? నేనొకటి చెప్తా విను. బీసెంట్ రోడ్డుకెళ్ళి అలాంటిదే ఎర్ర చీర కొనుక్కొచ్చి, నాలుగు ఉతుకులు ఉతికి, అదే ఇదని ఇచ్చేద్దాం. చిన్నపిల్ల... దానికేం తెలుస్తుంది?"

"తెలుస్తుందత్తయ్యా."

"ఎలా తెలుస్తుందే?"

"వాసన తెలుస్తుందండీ," అని మాత్రం అనగలిగింది సింధూరి. ఆ సంగతి ఆమెకి తెలిసినట్టు ఎవరికి తెలుసు!

బడి నుంచి వచ్చిన పిల్లకి పాలిచ్చి, ఎదురుగా నేలమీద కూర్చుంది. "జోషీ, నీ రెక్కలు నేనే ఇచ్చేశాను నాన్నా. చూసుకోకుండా పాత బట్టల్లో ఇచ్చేశాను. ఇవాళ వెళ్ళి వెతికాను. దొరకలేదు."

"రేపు దొరుకుతాయా?"

"లేదమ్మా. ఇక దొరకవు. నాదే తప్పు... నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం!"

జోషిత గ్లాసు కింద పెట్టింది. చాలాసేపు తన కాళ్ళ వేళ్ళు చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కింద పడనివ్వలేదు.

"అయితే నీది ఇవ్వు," అంది.

"ఏది కావాలన్నా తీసుకో బంగారం. బీరువా తీస్తాను."

"ఏదో ఒకటి కాదు. నీకు అన్నిటికంటే ఇష్టమైంది ఇవ్వు."

చూశారా! హైకోర్టు జడ్జీ అయినా ఇంతకన్నా న్యాయంగా తీర్పు చెప్పగలడా?

సింధూరి బీరువా ముందు నిలబడింది. పెళ్ళి పట్టుచీర చూపించి ఇదే నాకిష్టం అంటే ఆ పసిపిల్ల నమ్మేసేది. చెయ్యి దాని దాకా వెళ్ళింది కూడా! కానీ మధ్యాహ్నం అత్తగారికి వద్దన్న మోసం, సాయంత్రానికి తను ఎలా చేస్తుంది? అడుగు అరలోంచి తువ్వాలు చుట్టిన మూట ఒకటి తీసింది. చిలకపచ్చ మంగళగిరి నూలు చీర, సన్నటి జరీ అంచు. ఆమె తల్లి నూలు కండెలు చుట్టి ఇస్తే తండ్రి తమ ఇంటి మగ్గం మీద నేసిన చీర. అమ్మ పోయాక మేనత్తలు పంచుకోగా సింధూరి ఏడ్చి, పట్టుబట్టి తెచ్చుకున్నది అదొక్కటే. ఎప్పుడూ కట్టలేదు, ఉతకలేదు. ఉతికితే అమ్మ వాసన పోతుందేమోనని భయం!

కత్తెర తీసుకుని చీర విప్పుతుంటే వెనకనుంచి కేక వినిపించింది.

"ఆగవే అమ్మాయ్! అది మీ అమ్మది!"

సీతారావమ్మ వచ్చి కత్తెర పట్టేసుకుంది. "నీ చీర కాదే కోయాల్సింది... నా చెయ్యి కోయాలి! ఆ ఎర్ర చీర సంచిలో పెట్టింది నేను. అది ఒంటిమీద ఉన్నంతకాలం ఈ పిల్ల నిన్ను అమ్మా అనదని... నువ్వు రోజూ ఆ పిలుపు కోసం దాని మొహంలోకి చూస్తుంటే చూడలేక... మంచే చేస్తున్నాననుకున్నా తల్లీ! నువ్వేమో ఒక్క మాటైనా అనకుండా నిందంతా నెత్తినేసుకున్నావు. నీకు తెలుసు కదూ? శౌరమ్మ ఇంటినుంచి వచ్చినప్పుడే నీ మొహం చూసి అనుకున్నా..."

"ఊరుకోండత్తయ్యా... పిల్ల వింటోంది."

వింటూనే ఉంది. "నువ్వు పెట్టావా నానమ్మా?" అంది జోషిత.

"అవునమ్మా..."

"నీతో నాకు కటీఫ్. రేపటిదాకా." చూపుడువేలు ఊపి ఆ శిక్ష వేసేసి, అప్పుడు చీర దగ్గరకొచ్చింది. అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది మీ అమ్మదా?"

"ఊఁ."

"మీ అమ్మ కూడా లేదా?"

"లేదురా. నేను ఇంటర్ చదివేటప్పుడే పోయింది."

"మరి నువ్వు ఇది కప్పుకుని పడుకుంటావా?"

సింధూరికి ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చింది. "మీ నాన్న ఊళ్ళో లేనప్పుడు... ఎప్పుడైనా..." అంది, ఎవరికీ చెప్పని దొంగతనం ఒప్పుకున్నట్టు.

జోషిత చీర వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూసింది. ఏదో లెక్క తేల్చుకున్నట్టు తల ఊపింది.

"అంతా వద్దు. సగం చాలు. సగం నువ్వు ఉంచుకో. లేకపోతే నువ్వేం కప్పుకుంటావు?"

ఆ మాటకి అత్తా కోడళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ముందు సీతారావమ్మే తేరుకుంది. చీరను కొసకి కొస కలిపి మడిచి సరిగ్గా సగం తేల్చింది. "అడ్డంగా కత్తెర నడిపిస్తే వంకర పోతుంది. నూలు చీర ఇది. అంచు దగ్గర గాటు పెట్టి లాగండి, దారం వెంట తిన్నగా పోతుంది," అని జరీ దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టింది. ఒకవైపు సింధూరి, ఒకవైపు జోషిత పట్టుకుని లాగారు. చర్రుమంది చీర. జోషిత కిలకిలా నవ్వింది. ఆ రోజంతటిలో అదే మొదటి నవ్వు.

ఇక చూడండి ఆ ఇంటి సందడి! మర్నాడంతా కుట్టుమిషను ఆగలేదు. జయకృష్ణ షెడ్డుకి వేసుకునే నీలం చొక్కా ఒకటి పొట్టిదై, నడుము దగ్గర కుచ్చులు పెట్టుకుంది. అతను సాయంత్రం వచ్చి, "నా చొక్కా! బాగానే ఉందిగా అది!" అని లబోదిబోమంటే వినేవాళ్ళు లేరు. సీతారావమ్మ పాత జాకెట్టు చేతులు రెండూ విప్పి నల్లటి కళ్ళగంతలు చేసింది. తలగడ పసుపు గలేబు కత్తిరించి చొక్కా గుండెమీద స్కూలు బస్సు కుట్టారు. చక్రాలకి చొక్కా గుండీలే పనికొచ్చాయి. కటీఫ్ గడువు ఇంకా తీరకపోవడం వల్ల, దారం ఎక్కించమని నానమ్మకి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా జోషిత సింధూరికి చెప్పేది. సింధూరి పక్కనే ఉన్న అత్తగారికి చెప్పేది.

శనివారం బళ్ళో పిల్లలంతా వరుసగా స్టేజీ ఎక్కారు. తువ్వాళ్ళ హీరోలు, దుప్పట్ల హీరోలు, నాన్న లుంగీ కట్టుకుని మధ్యలో తట్టుకుని పడ్డ హీరో ఒకడు! సింధూరి వెనక వరుసలో అత్తగారి పక్కన కూర్చుంది. పోయిన ఎర్ర చీర గుర్తొచ్చి పిల్ల స్టేజీ మీద ఏడుస్తుందేమోనని ఒకటే గుబులు.

జోషిత వచ్చింది. చిలకపచ్చ రెక్కలు వెనకాల నేలమీద జీరాడుతున్నాయి. జరీ అంచు మెరుస్తోంది.

"నీ పేరేంటి హీరో?" అని మైకు ముందు పెట్టింది తెరేసమ్మ టీచరు.

"పచ్చ రెక్కల పిల్ల. బస్సు తప్పిపోయినవాళ్ళని తీసుకొస్తాను."

"భలే! ఎంత బాగున్నాయో రెక్కలు! ఎవరిచ్చారమ్మా?"

"మా అమ్మమ్మ."

సింధూరి గుండె చివుక్కుమంది. హనుమాన్ జంక్షన్‌లో ఉంటుంది సుధామణి తల్లి. సెలవులకి పిల్లను తీసుకెళ్ళేది ఆవిడే. టీచరుకీ ఆవిడ తెలుసు. "ఓ... జంక్షన్ అమ్మమ్మా?" అంది నవ్వుతూ.

"కాదు టీచర్!" ఇంత కూడా తెలీదా అన్నట్టు మొహం పెట్టింది జోషిత. "ఆవిడ జంక్షన్ అమ్మమ్మ. ఇది మంగళగిరి అమ్మమ్మది. నేను చూళ్ళేదు, చచ్చిపోయింది. మా అమ్మ వాళ్ళమ్మ. సగం నాకు, సగం అమ్మకి."

సీతారావమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "విన్నావుటే?" అంది. సింధూరి తల ఊపింది. వినడమైతే విన్నది గాని, స్టేజీ మాత్రం కనిపించడం మానేసింది. కళ్ళు ఒత్తుకుంటుండగానే చప్పట్ల మధ్య మెట్లు దిగి, కుర్చీల సందులోంచి పరిగెత్తుకొచ్చి, వీపు తిప్పి నిలబడింది పిల్ల.

"అమ్మా, ముడి ఊడిపోతోంది. గట్టిగా కట్టు."

పిలిచానన్న సంగతి ఆ పిల్లకే తెలీదు. ధ్యాసంతా ముడిమీదే ఉంది. సింధూరి ఆ పచ్చ నూలు కొసలు రెండూ వెతికి పట్టుకుని, ఏమీ కనిపించని కళ్ళతోనే ముడి వేసింది. ముడి గట్టిగానే పడింది.