తిమింగలం కింద గైడ్

వియన్నా, 1957. బుధవారం ఉదయం పదిన్నర. ప్రకృతి శాస్త్ర మ్యూజియంలో పక్షుల గది కాపలాదారు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మైనపు బొమ్మనుకుని బడిపిల్లలు అతని ముక్కు గిల్లి నవ్వారు. మెడ మీద సూది గుచ్చిన ఎర్రటి చుక్క ఉంది.

అతను రహస్య శాఖ మనిషి. గంటలో ఏజెంట్ వెస్సెలీకి చీఫ్ ప్రొహాస్కా నుంచి పిలుపు వచ్చింది.

"సరిహద్దు అవతలివాళ్ళు సూది పదును చూసుకున్నార్లే," అన్నాడు చీఫ్, కాఫీ మీద మీగడ చెంచాతో తీసుకుంటూ. "అసలు పని రేపు. ప్రొఫెసర్ చానాడీ మూడు మ్యూజియాలు చూస్తాట్ట. విషవాయువు ఫార్ములా బుర్రలో పెట్టుకుని హంగరీ నుంచి పారిపోయొచ్చిన మనిషి."

"వద్దని చెప్పకపోయారా?"

"చెప్పాం. ఒక జైల్లోంచి ఇంకో జైల్లోకి రాలేదన్నాడు. మూడూ చూడాల్సిందేనట."

"గైడ్ ఎవరు సార్?"

"హెర్మినా."

హెర్మినా రెండేళ్ళుగా శాఖకి కబుర్లు మోస్తోంది. సరిహద్దు అవతలి ముఠాకీ మోస్తోందని నెల కిందటే తెలిసింది. ఆమె తమ్ముడు యానో బ్రాతిస్లావా జైల్లో ఉన్నాడు. ఆమె జుట్టు ముఠా చేతికి చిక్కింది అక్కడే.

చీఫ్ ఒక టెలిగ్రాం అతని ముందుకు తోశాడు. యానోను సోమవారం ఉరి తీశారు.

"ఆమెకి చెప్పారా?"

"చెప్తే రేపు రాదు. ముఠా మనకి తెలియనివాణ్ణి పంపుతుంది. తెలిసిన పాము నయం కాదటయ్యా? దాన్ని ఆడించేవాడు నాక్కావాలి."

మర్నాడు వెస్సెలీ కాపలాదారు బూడిదరంగు కోటు వేసుకుని, మీసం అంటించుకుని, చెవిటి మిషన్ లాంటి రిసీవర్ చెవిలో పెట్టుకుని చిత్రాల మ్యూజియంలో నిలబడ్డాడు.

"ఈ గదిలో చలేంటండీ?" అంది హెర్మినా పక్కకొచ్చి.

"కిటికీ పాతదమ్మా."

కోడ్ కుదిరింది. "దాడి ఇక్కడే. పన్నెండులోపు. చేతికర్ర ముసలాయన," అని గొణిగింది.

పన్నెండు దాటింది. చేతికర్ర ముసలాయన బెంచీ మీద గురక పెడుతున్నాడు. ఆమె అబద్ధమాడిందని వెస్సెలీకి అర్థమైంది.

తర్వాత దేశదేశాల మనుషుల మ్యూజియం. కొయ్య ముసుగుల ముందు ఆగి, "మా మంత్రులకన్నా వీళ్ళే అందంగా ఉన్నారు," అన్నాడు ప్రొఫెసర్. హెర్మినా మనసారా నవ్వింది. ఆ నవ్వు వింటూ వెస్సెలీ తల వంచుకున్నాడు.

చివరిది ప్రకృతి శాస్త్ర మ్యూజియం. తిమింగలం అస్థిపంజరం కింద ఒకడు స్టూలు వేసుకుని బొమ్మ గీస్తున్నాడు. రిసీవర్‌లో సహచరుడి గొంతు వినిపించింది: "వాడు గంటనుంచీ ఒక్క గీత గియ్యలేదు!"

హెర్మినా చూపుడు కర్ర పైకెత్తింది. ప్రొఫెసర్ తలెత్తి పక్కటెముకలు లెక్కపెట్టసాగాడు. మెడ బోసిగా ఉంది. కర్ర మెల్లగా కిందికి దిగింది. ఆమె బొటనవేలు పిడి మీది మీటకు ఆనింది. కొనలోంచి సన్నటి సూది బయటికొచ్చింది.

వెస్సెలీ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. పిస్తోలు పేలిస్తే మధ్యలో ఉన్న ప్రొఫెసరే పోతాడు.

"హెర్మినా," అన్నాడు ఆమె సొంత స్లోవాక్ భాషలో. "మీ యానో సోమవారమే పోయాడు. ఉరి తీశారు."

సూది అంగుళం దూరంలో ఆగింది. ఆమె స్టూలు మీదివాడి వైపు చూసింది. వాడు చూపు దించుకున్నాడు. ఆమెకి ఆ జవాబు చాలు. రెండే రెండు అంగల్లో వాణ్ణి చేరి గొంతులో సూది దించింది. వాడు తన తెల్లకాగితం మీదే బోర్లా పడ్డాడు.

బేడీలు వేస్తుంటే అడిగింది: "నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న."

"తెలిసే, పొద్దున నాతో చలి గురించి మాట్లాడావా?"

అతను తలూపాడు.

"వాళ్ళు చంపారు. నువ్వు శవాన్ని దాచి వాడుకున్నావు. మీలో ఎవరు నయం రా?"

వెస్సెలీ బేడీల తాళం వేసి, కళ్ళు తుడుచుకోమని తన చేతిరుమాలు ఇవ్వబోయాడు. ఆమె దాని మీద ఉమ్మేసింది.

ఇంకా పక్కటెముకలే లెక్కపెడుతున్న ప్రొఫెసర్‌కి ఎవరో కళ్ళు తిరిగి పడిపోయారని చెప్పారు. ఆయన వెళ్తూ వెళ్తూ సందర్శకుల పుస్తకంలో ఇలా రాశాడు: "తిమింగలం అద్భుతం. గైడ్ మాత్రం మర్యాద తెలియని మనిషి. మధ్యలోనే చెప్పకుండా వెళ్ళిపోయింది."