పంతొమ్మిదో క్యాసెట్

మా ఇంట్లో టీవీ పక్కనున్న బీరువాలో పై అర మొత్తం ఒక్క సీరియల్‌దే. 'ఏడో కక్ష్య' అని, అంతరిక్షంలో దారి తప్పిన ఒక ఓడ కథ. ఇరవై ఆరేళ్ళు నడిచింది. ఓడ ఇల్లు చేరలేదు గానీ, మొదటి కెప్టెన్ వేషం వేసినాయనకి ఈలోగా మనవలు పుట్టారు. మొదట లావుపాటి వీడియో క్యాసెట్లుగా అమ్మారు, ఒక్కోదాంట్లో రెండేసి భాగాలు. తరవాత డిస్కులు. ఆ తరవాత 'సంపూర్ణ సంపుటి' అని ఒక అట్టపెట్టె. అది సంపూర్ణం కాదని తేలాక ఇంకో పెట్టె. కొన్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ కొనేవాళ్ళు.

"అదే కథ నాలుగోసారి అమ్ముతున్నారు. మీకు మొహమాటమన్నా లేదూ?" అనేది మా ఆవిడ.

"అమ్మేది నేను కాదు. నేను శబ్దం కడిగేవాణ్ణి" అనేవాణ్ణి.

"అయితే ఆ చెవులు కొంచెం ఇంట్లో కూడా వాడండి. పిలిస్తే పలకరు."

ఆ క్యాసెట్లూ పెట్టెలూ అమ్మే వీడియో కంపెనీలో నా ఉద్యోగం అదే. పాత టేపుల్లోని గరగర, బుసబుస తీసేసి, మాటలు తేటగా వినబడేట్టు చెయ్యడం. కొత్త పెట్టె వచ్చినప్పుడల్లా పనిచేసినవాళ్ళకి ఒకటి ఊరికే పంపేవాళ్ళు. రిటైరయ్యాక కూడా పంపుతున్నారు. అలా నిండింది ఆ అర. డిగ్రీలో నేను ఫిజిక్స్ చదివాను. అయస్కాంతాల పాఠంలో నాకు క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. ఇది గొప్పకి చెప్పడం లేదు. తెలియక చేశానని అనుకునే వీలు నాకు లేదని చెబుతున్నాను.

దెయ్యం కథలంటే అర్ధరాత్రులూ, వానా, పాడుబడ్డ ఇళ్ళూ ఉండాలంటారు. నాకు జరిగింది మిట్టమధ్యాహ్నం. ఆఫీసులో. పక్కగదిలో ఎవరో టిఫిన్ డబ్బా మూత తీస్తున్న చప్పుడు వినబడుతుండగా.

ఆ సీరియల్లో పంతొమ్మిది భాగాలు లోకంలో ఎక్కడా లేవు. వెనకటి రోజుల్లో టీవీ కేంద్రంలో టేపులకి కరువు. ఒకసారి ప్రసారమైన దాన్ని చెరిపేసి, దాని మీదే మరోటి రికార్డు చేసేవాళ్ళు. అంత మంచి భాగాల్ని చెరిపిన వెధవలెవరా అని జనం తిట్టుకునేవాళ్ళు. నాలాంటి వెధవలే. నా తొలి ఉద్యోగం ఆ కేంద్రంలోనే. టేపులు చెరిపే యంత్రం అని ఒకటి ఉండేది, గ్యాసు పొయ్యి అంత. మీట నొక్కితే లోపల్నించి మూలిగేది. టేపుని దాని మీద రెండు చుట్లు తిప్పి పక్కకి తీస్తే చాలు, అందులో ఉన్నదంతా మాయం. పదకొండేళ్ళు ఆ పని చేశాను. పని పూర్తయిన టేపుని చెయ్యి దానంతటదే యంత్రం మీదికి తీసుకెళ్ళిపోయేది, అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టు. తరవాత చేరిన వీడియో కంపెనీలోనూ అలాంటి యంత్రం ఒకటి నా బల్ల మీదే ఉండేది.

బొమ్మ పోయిన ఆ పంతొమ్మిది భాగాలకీ శబ్దం మాత్రం ఒకచోట దొరికింది. వాచీలు బాగుచేసే మేస్త్రీ ఒకాయన దగ్గర. బిస్కెట్ల డబ్బాలో పంతొమ్మిది ఆడియో క్యాసెట్లు పెట్టుకుని తనే వచ్చారు. చిన్న మనిషి. మాట్లాడేటప్పుడు కూడా ఒక కన్ను సగం మూసే ఉంచేవారు, భూతద్దం అలవాటు.

"శనివారం సాయంత్రాలు దుకాణం వదిలి రావడానికి కుదిరేది కాదు బాబూ. ఈ సీరియలంటే నాకు పిచ్చి. మా ఆవిడే టీవీ ముందు టేప్‌రికార్డరు పెట్టి ఎక్కించేది. మర్నాడు పని చేసుకుంటూ వినేవాణ్ణి."

"ఆవిడకీ ఇష్టమా?"

"అబ్బే! ఇన్నేళ్ళు తిరుగుతున్నారు, ఆ ఓడలో ఒక్కళ్ళూ ఒక్క గిన్నె కడగరేం అనేది." నవ్వి, డబ్బా మూత నిమిరారు. "కానీ నాకు బొమ్మ కనబడదు కదా. అందుకని పక్కనే కూర్చుని మెల్లిగా చెప్పేది. తలుపు తెరుచుకుందండీ, వాడి చేతిలో ఏదో ఉందండీ అని. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆ గొంతు ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు. వారంలో ఇచ్చేస్తారుగా?"

"దిగులు పడకండి మేస్త్రీ గారూ. కళ్ళలో పెట్టుకు చూస్తాను" అన్నాను.

బయటివాళ్ళ సరుకు మీద ఎర్ర కాగితం అంటించాలని మా దగ్గర నియమం. దాని జోలికి పోవద్దని గుర్తు. అంటించాను. డబ్బా మీద. క్యాసెట్ల మీద కాదు.

మా మేనేజరు రెండు నిమిషాలు విని, "ఆ ఆడమనిషి గొంతు తీసెయ్యి. కొనేవాళ్ళకి కావలసింది సీరియల్, ఆవిడ గోల కాదు" అన్నాడు. పోయిన బొమ్మల్లో ఏముందో లోకంలో చెప్పగలిగింది ఆవిడొక్కతే కదా అని నాకు తట్టింది. పైకి అనలేదు. రోజుకి రెండు చొప్పున కంప్యూటర్లోకి ఎక్కించి, ఆవిడ గుసగుసలు ఏరి, కోసి, మిగిలినదాన్ని పాతదాని మీదే భద్రం చేసేవాణ్ణి.

పదో రోజున పంతొమ్మిదో క్యాసెట్ ఎక్కించడం అయింది. బయటికి తీశాను. చెయ్యి రెండో చుట్టు తిరుగుతుండగా యంత్రం మూలుగు నా చెవిన పడింది.

చెయ్యి ఆగింది. డబ్బాలోంచి మొదటి క్యాసెట్ తీసి పెట్టి విన్నాను. ఏమీ లేదు. రెండోది. మూడోది. ఏమీ లేదు. పంతొమ్మిదింటినీ నేనే, ఒక్కొక్కటిగా, శ్రద్ధగా చెరిపాను.

ఆ రోజే ఆయనకి ఫోన్ చేసి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. డబ్బా తుడిచి, క్యాసెట్లు వరసగా సర్ది తిప్పి పంపేశాను. పెద్దాయన, మళ్ళీ వింటాడో లేదో అనుకున్నాను. ఇలా అనుకోగలిగిన మనిషిని నేను.

మూడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చారు, చంకలో డబ్బాతో.

"బాబూ, ఒక్కటీ పలకడం లేదు."

"డబ్బా అందాక ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడ పెడతాను, నా బల్ల మీదే. పని చేస్తూ వింటాగా."

వాచీకి అయస్కాంతం పడితే పరుగెడుతుంది. ఆ గుణం పోగొట్టడానికి మేస్త్రీలు ఒక చిన్న యంత్రం వాడతారు. నాకు ఆ సంగతి తెలుసు. చెప్పానుగా, మంచి మార్కులొచ్చాయని.

"మీ బల్ల మీద వాచీల అయస్కాంతం తీసే యంత్రం ఉంటుంది కదా, మేస్త్రీ గారూ?"

ఎప్పుడూ సగం మూసి ఉండే ఆయన కన్ను మెల్లిగా పూర్తిగా తెరుచుకుంది.

"ఉంది" అన్నారు. "నిన్న దాంతో పని చేశాను కూడా. అంటే... నేనే..."

నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు.

"మీ కంప్యూటర్లో ఏమన్నా మిగిలిందేమో చూస్తారా? ఒక్క ముక్క చాలు."

"కూర్చోండి. చూసొస్తాను."

మిగిలింది. పంతొమ్మిదో భాగం ఇంకా కడగలేదు. సాయంత్రం నాలుగింటికల్లా కడిగి మేనేజరుకి ఇచ్చెయ్యాలి. దానికి ముందు ఒక నకలు తీసి ఆయన చేతిలో పెడదామనుకున్నాను. దేవుడి తోడు, నిజంగానే అనుకున్నాను.

నా గదికి కిటికీల్లేవు. గోడలకి మందపాటి దూది మెత్తలు. తలుపేస్తే లోకం తెగిపోయినట్టుండేది. వేడెక్కిన వైర్ల వాసన, పాత టేపుల పులుపు వాసన. దీపం తీసేసి, తెర వెలుగులో పనిచేసేవాణ్ణి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

ఓడ ఇంజను రొద. కెప్టెన్ ఎవరినో పిలుస్తున్నాడు. దాని మీద, చెవికి ఆనుకుని చెబుతున్నట్టు, ఆవిడ.

"చీకటి గదండీ. ఒక్కడే ఉన్నాడు."

నకలు తీసే మీట మీద వేలు పెట్టాను.

"చెవులకి ఏవో తగిలించుకున్నాడండీ. వేలు మీట మీద పెట్టాడు."

సీరియల్లో ఎవరో రేడియో దగ్గర కూర్చుని ఉంటారు, అనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలాను.

"వెనక్కి వాలాడండీ."

ఊపిరి బిగబట్టాను.

"ఊపిరి బిగబట్టాడు... పాపం, భయపడుతున్నాడు."

ఇంజను రొద ఆగిపోయింది. కెప్టెన్ లేడు. ఓడ లేదు. ఒక ఇంటి గది నిశ్శబ్దం మాత్రం ఉంది. అందులో ఆవిడ ఊపిరి.

"బల్ల మీద ఒక యంత్రం ఉందండీ. మన క్యాసెట్లు తీసి దాని మీద పెట్టింది ఇతనే. ఒకటి... రెండు... తిప్పుతున్నాడు... మూడు..."

లెక్కపెట్టింది. పంతొమ్మిది దాకా. నేను హెడ్‌ఫోన్లు తీయలేకపోయాను.

"మీరు బయట బల్ల మీద కూర్చున్నారు. మీ చేతులకేసి చూసుకుంటున్నారు. చూసుకోకండి. మీ చేతులు కాదు... ఇప్పుడు ఇతను లేస్తాడు. బయటికొచ్చి మీతో చెబుతాడండీ."

తరవాత ఏమీ లేదు. ఎదురుచూస్తోంది.

నన్ను భయపెట్టింది ఆవిడ గొంతని చెబితే అబద్ధం. అందులో కోపం లేదు. నన్ను నమ్మింది. నేను భయపడింది, ఆ ముక్క ఆయన చేతికిస్తే ఆయన వింటారే అని. మేనేజరు వింటాడే అని.

కంప్యూటర్లో ఆ భాగమంతా ఎంచుకుని, చెరిపే మీట నొక్కాను.

"అయ్యో" అంది. అంతే.

బయటికొచ్చాను. ఆయన నిజంగానే చేతులకేసి చూసుకుంటున్నారు.

"ఏమీ మిగల్లేదండీ."

"పోనీలే బాబూ" అన్నారు లేస్తూ. "తప్పు నాదే. మీ పని కూడా చెడగొట్టాను."

నాలుగు నెలలకి పోయారు. ఆ చిన్న యంత్రాన్ని ఆయన నడిరోడ్డు మీద పగలగొట్టి, వాచీల పని మానేశారని దుకాణం పక్కనున్న దర్జీ చెప్పాడు. ఆ పెట్టె పద్దెనిమిది భాగాలతో విడుదలైంది. పంతొమ్మిదోది పాడైపోయిందని రాశాను. సంతకం కూడా పెట్టాను.

ఇదంతా జరిగి ఇరవై రెండేళ్ళు. పోయిన మంగళవారం కొత్త పెట్టె వచ్చింది. అట్ట మీద 'పంతొమ్మిది భాగాలూ మొదటిసారిగా' అని ఉంది. పాత కంపెనీకి ఫోన్ చేశాను. పంతొమ్మిదోదాని శబ్దం పాత కంప్యూటర్లోనే భద్రంగా దొరికిందని అక్కడి అమ్మాయి చెప్పింది. "చాలా తేటగా ఉంది సార్, మీరే కడిగారటగా" అంది.

మధ్యాహ్నం మా ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. డిస్కు పెట్టి కుర్చీలో కూర్చున్నాను. తెర మీద కెప్టెన్ ఫొటో. ఇంజను రొద.

"ఇల్లు మారాడండీ" అంది ఆవిడ. "జుట్టంతా రాలిపోయింది."

కదల్లేకపోయాను.

"ఏం చేస్తున్నాడు?" అన్నది మగ గొంతు. మేస్త్రీ గారిది.

"కూర్చున్నాడండీ. టీవీ వైపే చూస్తున్నాడు."

నేను టీవీ వైపు వంగాను. ఇరవై రెండేళ్ళు చెప్పని మాట బయటికొచ్చింది. "మేస్త్రీ గారూ... మీ యంత్రం కాదు. మీ చేతులు కాదు. నేనే చెరిపాను. ఆ రోజు కూడా నేనే చెరిపాను. క్షమించమని అడగను. మీది తప్పు కాదు, అంతే, అది వినండి చాలు."

ఇంజను రొద సాగుతూనే ఉంది.

"ఏమన్నా అన్నాడా?" అన్నారు ఆయన.

"ఎవరండీ?"

"అతనే. కుర్చీలో ఆయన."

"కుర్చీలో ఎవరూ లేరండీ" అంది ఆవిడ. "ఖాళీగా ఉంది."

రెండు చేతులా కుర్చీ పట్టుకున్నాను. "ఉన్నాను! ఇక్కడే ఉన్నాను అమ్మా!" అని అరిచాను.

"సరే అయితే" అన్నారు మేస్త్రీ గారు. "కట్టెయ్."

టక్‌మని టేప్‌రికార్డరు మీట నొక్కిన చప్పుడైంది. టీవీ నడుస్తూనే ఉంది, కెప్టెన్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ చప్పుడు వచ్చింది నా కుర్చీ కిందనుంచి.