మూతబడ్డ సెంటర్‌ల పేజీల చప్పుడు

మొఘల్‌పురాల పతంగుల దుకాణం ఎనక ఒక మేడ ఉంది. పొద్దుగూకినంక ఆ మెట్ల దిక్కు ఎవ్వరూ చూడరు. పైన ఒకప్పుడు కంప్యూటర్ సెంటర్ ఉండె. మూతబడి ఏండ్లయింది. అయినా రాత్రయితే చాలు, పైనుంచి కాయితాల చప్పుడు... సర్ర్... సర్ర్... మధ్యల ఎవరో గుసగుసలాడినట్టు. అక్కడ పాఠాలు చెప్పిన సారొకాయన సచ్చినంక గూడ పాఠం తయారు చేస్కుంటున్నడని బస్తీల అనుకుంటరు.

సాయిప్రియకు ఇది చిన్నప్పటి సంది తెల్సు. తెల్సీ ఆ రాత్రి మెట్లెక్కింది.

ఎక్కక తప్పలే. కొత్త నౌకరి. మందుల హోల్‌సేల్ దుకాణంల పాత బిల్లింగ్ ప్రోగ్రాం సాయంత్రం ఆగిపోయింది. పొద్దుగాల్లకు నడవకుంటే ఇగ రావొద్దని సేటు చెప్పిండు. ఆమె పుట్టకముందు రాసిన ప్రోగ్రాం అది. నెట్‌ల వెతికితే, ఏ లింకు నొక్కినా పేజీ లేదనే వచ్చింది. అది చేసిన కంపెనోళ్లు ఎప్పుడో అన్నీ పీకేసిన్రు. ఏఐని అడిగితే, లోకంల లేని కమాండును మస్తు నమ్మకంగ చెప్పింది.

వాళ్ల నాయిన సీతారాం ఆ సెంటర్‌ల నేర్చుకున్నోడే. ఆ రోజుల్ల ఏ డౌటొచ్చినా ఇటుకంత లావు మాన్యువలే దిక్కని, ఈ ప్రోగ్రాందే నీలం అట్టది ఇంకా ఆడి పుస్తకాల రాకుల ఉండొచ్చని చెప్పిండు. తోడు రమ్మంటే మాత్రం మోకాలు నొప్పన్నడు.

తలుపు నెట్టింది. దుమ్ము వాసన, పాత కాయితాల వాసన — ఇంకేదో వాసన... ఫోన్ లైటుకు రాకులు కనబడ్డయి. ఏటేటా కొత్త మాన్యువల్స్‌తో నిండిన రాకులంట. ఇప్పుడు సగం ఖాళీ.

సర్ర్...

ఆమె కాళ్లు ఆడనే ఆగినయి. చీకట్లకెల్లి ఒక గొంతు, చెవిల చెప్పినట్టు —

"మెల్లగ... మెల్లగ తిను..."

చదివే దెయ్యమని విన్నది గని, తినే దెయ్యమని ఎవ్వరూ చెప్పలే.

లైటు అటు తిప్పింది. రాకు పక్కన తెల్లగ ఒక ఆకారం. గడ్డం. కొమ్ములు. పచ్చగ మెరుస్తున్న రెండు కండ్లు...

సాయిప్రియ ఒకడుగు ఎనక్కేసింది. ఆ ఆకారం ఆమె దిక్కు చూసింది. చూసి — మే... అన్నది.

మేక. ఎనక కాళ్ల మీద లేచి పై రాకు అందుకుంటున్నది. పక్కనే పీటేసుకొని కూసున్నది పక్కింటి ఆగమ్మ.

ఆగమ్మ ఇంకా ఎక్కువ జడుసుకున్నది. ఎవ్వరికీ చెప్పొద్దని బతిమాలింది. గల్లీల మేకలు మాయమైతుంటే పైన దాచిందంట. దీని తల్లి, దాని తల్లి గూడ ఈడనే పెరిగినయంట. ఎవ్వరూ పైకి రావొద్దని దెయ్యం ముచ్చట పుట్టించింది తనేనంట.

సాయిప్రియ చెవికి అదేం ఎక్కలే. మేక నోట్ల ఉన్న పుస్తకం అట్ట నీలం రంగు.

ఈమె ఇటు గుంజింది, మేక అటు గుంజింది. ఆఖరికి ఆగమ్మ కొమ్ములు పట్టుకుంటేనే వదిలింది. విషయసూచిక మొత్తం మేక కడుపుల పడ్డది. ఒక్కొక్క పేజీ తిప్పి వెతకాల్సొచ్చింది. కావాల్సిన పేజీ దొరికింది. అంచులు నమిలి ఉన్నయి గని అక్షరాలు బతికినయి.

తెల్లారుజామున ఫజర్ అజాన్ యాల్లకు ప్రోగ్రాం నడిచింది. నౌకరి నిలబడ్డది.

మర్నాడు ఆమె పచ్చగడ్డి మోపు కొనుక్కొని ఆగమ్మకు ఇచ్చొద్దామని మళ్ల ఆ మేడ మీదికి పోయింది. మేక వాసన చూసి మొకం తిప్పుకున్నది. దానికి అచ్చు కాయితమే అలవాటు. గిసొంటి బుక్కులు మళ్ల ఎప్పుడొస్తయని ఆగమ్మ అడిగింది. ఇప్పుడు ఎవ్వరూ అచ్చు వెయ్యరని, అన్నీ ఆన్‌లైన్‌లనే పెడుతున్నరని సాయిప్రియ చెప్పింది.

ఆగమ్మ ఖాళీ రాకుల దిక్కు చూసింది.

"మీరైతే ఫోన్‌ల చూస్కుంటరు బిడ్డా," అన్నది మెల్లగ. "మరి ఇదేం తినాలె?"