మూడో అంకంలో మైనం లేదు

మేఘం తెగి పడింది. దాని మీద సూర్యదేవుడి వేషంలో కూర్చున్న గాయకుడు ఫియొరెంజో మెడ విరిగి చనిపోయాడు.

నిన్న సాయంత్రం ఏడూ ఇరవై. వెనిస్‌లో ఒక ఒపెరా నాటకశాల. మూడో అంకం మొదలై పది నిమిషాలు. అదీ కథలో భాగమేననుకుని కొందరు చప్పట్లు కొట్టారు.

ఉదయం తొమ్మిదికి నగర రక్షకదళం కెప్టెన్ బ్రగొలిన్ స్టేజి పైనున్న అటక ఎక్కాడు. మేఘం తాడు అరిగి తెగలేదు. కత్తి కోత. పక్కన చెక్క మీద మైనం చుక్కలు.

కిందికి దిగాడు. మేఘాల్ని పైకీ కిందికీ లాగే తాళ్లవాడు బొర్తొలో చేతులకు అప్పటికే సంకెళ్లు. ఇంకొకరు దొరక్కపోతే మధ్యాహ్నం అతనికి ఉరి.

"అటక మీదికి వత్తి తీసుకెళ్తారా?"

"అమ్మో, గుడ్డ మేఘాలు అంటుకోవూ? పైన మాకు చీకటే బాబూ."

"ఫియొరెంజో నిన్ను కొట్టాడట?"

బొర్తొలో తల దించుకున్నాడు. "నీ గుర్రం ఎంత ఎత్తుండేదయ్యా అని వెక్కిరించాను."

మగగొంతు రాకుండా చిన్నప్పుడే వృషణాల మీద కత్తి వేయించుకున్న గాయకులు చాలామంది. అది చట్టానికి విరుద్ధం. అడిగితే గుర్రం మీంచి పడ్డామని చెబుతారు. అందరిదీ అదే గుర్రం.

పక్కనే ఉన్న సంగీతం మాస్టారు ప్రొస్దొచిమో నవ్వాడు. ఫియొరెంజోను తయారుచేసింది ఆయనే. "ఇంకేం కెప్టెన్ గారూ, వీడే ఒప్పుకున్నాడుగా."

"మీరెక్కడున్నారు మాస్టారూ?"

"ప్రేక్షకుల్లో, నా బాక్సులో. మేఘం పడేదాకా. పుస్తకం చూస్తూనే ఉన్నాను. కావాలంటే చూడండి."

నాటకశాల గుమ్మం దగ్గర పాటల పుస్తకంతో పాటు సన్నటి మైనపు వత్తి అమ్ముతారు. చీకట్లో దాన్ని పేజీ మీద వంచి చదువుకోవాలి. ఎవరి పుస్తకమైనా మరకలే.

కెప్టెన్ పేజీలు తిప్పాడు. మొదటి అంకం, చుక్కలు. రెండో అంకం, చుక్కలు. మూడో అంకం మొదటి పేజీ నుంచే తెల్లగా ఉంది.

"వత్తి అయిపోయిందా?"

"అ... అయిపోయింది."

"మరి మేఘం పడేదాకా ఎలా చదివారు?"

మాస్టారు పుస్తకం వెనక్కి లాక్కోబోయాడు.

"ఈ పేజీల మీద పడాల్సిన మైనం అటక చెక్క మీద పడింది మాస్టారూ. తాళ్లవాళ్లు పైకి వత్తి తేరు. తెచ్చింది ప్రేక్షకుడు."

కెప్టెన్ సైగ చేశాడు. సంకెళ్లు బొర్తొలో చేతుల నుంచి మాస్టారి చేతులకు మారాయి.

"ఎందుకు చంపారు?"

"నా దగ్గర పాట నేర్చుకునే నికొలెత్తో అని ఎనిమిదేళ్ల పిల్లవాడున్నాడు. ఫియొరెంజోని మించిన గొంతు. వాడి మీద కత్తి వేయిస్తే బిషప్పుకి చెప్పేస్తానన్నాడు ఈ ఫియొరెంజో. నేను పెట్టిన గొంతుతో నన్నే బెదిరించాడు."

"ఆ పని ఎప్పుడు?"

"ఆలస్యంగా అడిగారు," అన్నాడు మాస్టారు.

పదకొండున్నరకు కెప్టెన్ పడవ దిగి, కాలువ పక్కనున్న నికొలెత్తో ఇంటి తలుపు పరుగున వెళ్లి తట్టాడు. తల్లి తలుపు తీసింది. చేతిలో తడిగుడ్డ.

"పిల్లాడేడమ్మా?"

ఆమె అతని ముఖం చూడలేదు.

"పడుకున్నాడండీ. మొన్న గుర్రం మీంచి పడ్డాడు."

కెప్టెన్ వెనక్కి తిరిగి చూశాడు. నీళ్లు. పడవలు. గుర్రం నడిచే దారే లేదు.

లోపల పిల్లవాడు ఏడుస్తున్నాడు. సన్నగా. శ్రుతి తప్పకుండా.