పదిహేనో తారీఖు మందు

"మీ కంపెనీకి ఈ మందు చేయడం రాదా, బద్ధకమా?"

నా మెడలో కంపెనీ కార్డు చూసి ఆమె నాతో అన్న మొదటి మాట అదే. క్యాన్సర్ ఆసుపత్రి మందుల కౌంటర్ వెనక, తెల్లకోటులో, ముక్కు మీద కోపంతో నిలబడి ఉంది.

"పాత కీమో మందే కదండీ. ఇంకా ఒక్క కంపెనీయే అమ్ముతోంది. ధర వింటే కళ్లు తిరుగుతున్నాయి."

నేను చవక మందులు చేసే కంపెనీలో పేటెంట్ ఫైళ్లు చూస్తాను. ఇన్నాళ్లకి ఒక అందమైన అమ్మాయి నా ఉద్యోగం గురించి అడిగింది! ఛాతీ విరుచుకుని చెప్పేశాను.

"వచ్చే నెల పద్నాలుగుతో వాళ్ల పేటెంట్ అయిపోతుంది. పదిహేనున మా మందు మీ చేతిలో ఉంటుంది. హామీ నాది."

ఆమె నవ్వింది. నేను పడిపోయాను, దాచడం ఎందుకు.

ఆ తర్వాత ఏదో ఒక వంకతో రోజూ వెళ్లాను. "ఏంటి పేటెంట్ గారూ, మళ్లీ వానలో తడిసి వచ్చారా? గొడుక్కి కూడా పేటెంట్ ఉందా?" అని ఆటపట్టించేది.

మరుసటి నెల పదో తారీఖున మా బాస్ ఆ మందు ఫైలు నా ముందు పడేశాడు. "రెండో పేజీ తిప్పావా అసలు?"

తిప్పలేదు. మందుని పిల్లల మీద కూడా పరీక్షించి చూసినందుకు బహుమానంగా ఆ కంపెనీకి ఇంకో ఆరు నెలలు మార్కెట్ హక్కు ఇచ్చారు. పేటెంట్ పోయినా అప్పటిదాకా ఇంకెవరూ అమ్మకూడదు.

పరుగున వెళ్లి చెప్పాను. ఆమె చేతిలోని పెట్టె కింద పెట్టి కూర్చుండిపోయింది.

"మా అమ్మకీ ఇదే మందు. డోసు వాయిదా వేశాం. నా పైచదువుకి దాచిన డబ్బు ఖర్చు పెట్టనంది. నీ పదిహేను కోసం చూద్దామంది. కొన్నాళ్లే కదా అని నేనూ ఊరుకున్నా." చటుక్కున లేచి నిలబడింది. "నీకేం, నోటికొచ్చింది చెప్పేశావ్!"

వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ కిటికీ పక్కన పడుకుని ఉంది. తడబడుతూ మొత్తం చెప్పాను.

"ఇంత చిన్నవాడివా! ఎవరో కళ్లజోడు ముసలాయన అనుకున్నా" అని నవ్వబోయి దగ్గిందావిడ.

"రేపే ఆ ఖరీదు మందు వేయించుకోండమ్మా. మీ కాళ్లు పట్టుకుంటాను."

"వేయించుకుంటాలే. తప్పు చేసి, ఇంటికొచ్చి మరీ ఒప్పుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ఆరు నెలలు నాకుంటాయో లేదో. నీకున్నాయిగా, మా పిల్లని ఒప్పించుకో."

"అమ్మా!" అంది కూతురు గుమ్మంలోంచి, కోపంగా.

మర్నాడే మందెక్కించారు. ఆలస్యమైందని డాక్టర్ ముందే చెప్పాడు. నాలుగు నెలలు ఇద్దరం కలిసి ఆవిణ్ణి ఆసుపత్రికి తిప్పాం. ఐదో నెలలో ఆవిడ పోయింది.

ఆ తర్వాత నేను ఆ వీధిలో అడుగు పెట్టలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?

మా మందు బయటికొచ్చిన రోజు ఆమే ఫోన్ చేసింది.

"స్టాకు వచ్చింది. పొద్దున్నుంచి పదకొండు మందికి ఇచ్చాను."

ఫోన్ పట్టుకుని ఆఫీసు మెట్ల మీదికి వచ్చేశాను.

"నీ మీద కోపం పోలేదు."

"తెలుసు."

"ఎప్పటికైనా పోతుందో లేదో."

"ఊఁ."

"అయినా రా. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా. తిట్టుకోవడానికైనా, ఏడవడానికైనా నాకు నువ్వే కావాలి."