ఎర్రయ్యగారి చెవిబిళ్ళ

తెరమీద రెండు బొమ్మలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి చెవిబిళ్ళ గీసిన గ్రాఫ్: మూడు నెలలుగా పొగాకు సున్నా, రోజూ ఆరువేల అడుగుల నడక, కంటినిండా నిద్ర. రెండోది ఆ ఉదయం తీసిన స్కాన్: ఎర్రయ్య గొంతులో గడ్డ రెట్టింపయింది. డాక్టర్ హైమవతి రెండింటినీ మార్చి మార్చి చూసింది.

చెవిబిళ్ళ ఆవిడ కనిపెట్టిందే. చెవి వెనక అంటిస్తే చాలు, చెమటను చదివి, మనిషి ఏం తిన్నాడో, ఏం కాల్చాడో ఆస్పత్రికి చెప్పేస్తుంది. క్యాన్సరని తెలిసిన కొత్తలో అందరూ ఒట్లు పెట్టుకుంటారు, నాలుగు రోజులకే తీసి గట్టున పెడతారు. మనిషి అబద్ధమాడినా చెమట ఆడదని హైమవతి నమ్మకం. ఎర్రయ్య గ్రాఫ్ చూసి మురిసిపోయి, మందులతోనే లొంగుతుందని ఆపరేషన్ కూడా వాయిదా వేసింది.

భీమిలి రేవులో వలలు అల్లే ఎర్రయ్య, భార్య నూకాలుతో లోపలికొచ్చాడు. గదంతా చుట్ట కంపు కొట్టింది.

"చుట్ట మానలేదా ఎర్రయ్యగారూ?"

"గొంతులో పుండుకి సుట్ట మానాలేటమ్మా?"

అతని చెవి వెనక ఏమీ లేదు. హైమవతి చూపు నూకాలు మీద పడింది. ఆమె చెవులు కప్పుకున్న కొంగు కింద బిళ్ళ కనిపించింది.

"మీరు నా సేతికిచ్చిన బిళ్ళ మావకి అంటిస్తే ఎందుకని అడగడా డాక్టరమ్మా? జబ్బు పేరు సెప్పొద్దని దండమెడితే మీరూ సరేనన్నారు గదా. అందుకే నానెట్టుకున్నాను."

"మరి నీ అడ్డపొగ?"

నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట పీల్చడం నూకాలుకి ముప్పై ఏళ్ళ అలవాటు.

"మానీసినాను. నాను తాగితే మావకి సెడ్డపేరొచ్చీదు గదా!"

హైమవతి తిట్టబోయి నోరు మూసుకుంది. రోగికి జబ్బు చెప్పకుండా రోగి అలవాట్లు మార్చాలనుకున్న ఘనత, అంత చదువూ చదివిన ఆవిడదే.

"ఏ జబ్బే నాకు?" ఎర్రయ్య భార్యని అడిగాడు. నూకాలు తల దించుకుంది.

"క్యాన్సర్," అంది హైమవతి. ఆ మాట మూడు నెలలు ఆలస్యంగా వచ్చింది.

ఎర్రయ్య మొలలోంచి చుట్టల కట్ట తీసి బల్లమీద పెట్టాడు.

"సూడే, ఒదిలీసినాను. ఆ రోజే సెప్పుంటే ఆ రోజే ఒదిలీసుందును."

నూకాలు భోరుమంది. ఆమె చెవి వెనకనుంచి తియ్యని గొంతు పలికింది.

"ఎర్రయ్యగారూ, తొంభై రోజులు పూర్తయ్యాయి. మీ అలవాట్లు మారాయి. అభినందనలు!"